నీటి రంగు చెప్పెడి సంగతి

సంక్రాంతి వెళ్ళి ఎండలు ముదురుచున్న కొలదిని మన చెరువులలో నీరు తగ్గుటయు, తగ్గిన నీటి రంగు మారుటయు గ్రామమున అందరును చూచునదియే. వానకాలమున మత్తడి దుముకునపుడు ఎర్రమట్టి రంగున నుండిన నీరు చలికాలమునకు తేటపడును. ఫాల్గుణ చైత్రములు వచ్చునప్పటికి కొన్ని చెరువులలో చిక్కని ఆకుపచ్చ పాచి తేలి, గాలివాటున ఒక ఒడ్డునకు చేరి, రంగు పోసినట్లు పేరుకొనును. మురుగు నిలిచిన మూలలలో నల్లని బురదపై గులాబీ రంగు, ఊదారంగు పొరలు కనిపించుచుండును. దగ్గరకు పోయినచో కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వచ్చును. మనము వీనిని చూచి “చెరువు చెడినది” అని ఒక మాట అనుకొని ఊరకుందుము. కాని ఏ రంగు ఎందుకు వచ్చినది, అది పశువులకును చేపలకును ఏమి చేయును అను సంగతి తెలిసినచో, చెరువు పూర్తిగా చెడకముందే పంచాయతీ మేలుకొనవచ్చును.

ఈ రంగులన్నియు వెలుతురును పట్టుటకై కంటికి కనరాని సూక్ష్మజీవులు తయారుచేసికొనిన సాధనములు. శాస్త్రజ్ఞులు వీనిని సముద్రమున మిక్కిలి విపులముగా పరిశీలించిరి. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల వారికి సముద్రము నాలుగైదు వందల కిలోమీటర్ల దూరమున నున్నది, దానితో మనకేమి పని యని సభ్యులు అడుగవచ్చును. బాసర కడ తెలంగాణమున ప్రవేశించి, ధర్మపురి, మంథని, కాళేశ్వరముల మీదుగా సాగు గోదావరి కడకు బంగాళాఖాతమున కలియును. మన పొలముల మట్టియు, ఎరువుల సారమును కొంత దానితోపాటు పోవును. అంతకన్న ముఖ్యమగు కారణము మరియొకటి కలదు. వెలుతురును పంచుకొనుటలో సముద్రమునకు ఏ నియమమో మన ఊరి చెరువునకును అదే నియమము. అచ్చట అది వందల అడుగుల లోతున పరచుకొని యుండును. ఇచ్చట గజము లోతున, ఒక్కొక్కచో అంగుళము మందమున, కుదించుకొని యుండును.

రంగు అనగా నేమి?

సూర్యుని తెల్లని వెలుతురు అనేక వర్ణముల కలయిక యని ఇంద్రధనుస్సును చూచిన బాలునకు సైతము తెలియును. మోదుగ ఆకుపై ఈ వెలుతురు పడినపుడు ఆకులోని పత్రహరితము అను వర్ణకము ఎరుపును, నీలమును ఎక్కువగా తనలోనికి తీసికొనును. ఆకుపచ్చను చాలవరకు విడిచిపెట్టును. ఆ విడిచిన వెలుతురే మన కంటికి వచ్చుచున్నది. అనగా ఏ వస్తువైనను మనకు కనిపించు రంగు, అది పట్టుకొనిన వెలుతురు కాదు, వదలివేసిన వెలుతురు. ఈ ఒక్క మాటను జ్ఞాపకముంచుకొనినచో తక్కిన విషయమంతయు సులభముగా బోధపడును.

పట్టుకొనిన వెలుతురుతో మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువును, నీటిని కలిపి తమ ఆహారమును తయారుచేసికొనును. దీనినే కిరణజన్య సంయోగక్రియ అందురు. ఇది చెట్లు చేమలు మాత్రమే చేయు పని యని అనేకుల అభిప్రాయము. భూమిపై జరుగు ఈ క్రియలో దాదాపు సగము సముద్రములలోనే జరుగుచున్నది. అందును అధికభాగము కంటికి కనరాని ప్రాణుల వలననే జరుగుచున్నది. వానిలో వివిధ జాతుల బాక్టీరియాలు ముఖ్యమైనవి.

గొలుసుకట్టు చెరువుల వలె

కాకతీయుల కాలమునుండి మన ప్రాంతమున ప్రసిద్ధి చెందిన గొలుసుకట్టు చెరువుల పద్ధతి సభ్యులందరికిని ఎరుకయే. పై చెరువు నిండి మత్తడి దుమికిన నీరు క్రింది చెరువునకు చేరును. అచ్చట మిగిలినది దాని క్రిందికి పోవును. పై వారు విడిచినదే క్రింది వారికి ఆధారము. సముద్రమున వెలుతురు సైతము ఇట్లే ఒక అంతస్తునుండి మరియొక అంతస్తునకు దిగుచున్నది.

నీరు అన్ని రంగుల వెలుతురును ఒకే తీరుగా పోనీయదు. తేట సముద్రమున ఎరుపు పైనున్న కొద్ది మీటర్లలోనే చాలవరకు హరించిపోవును. నీలము మాత్రము నూరు మీటర్లకు మించిన లోతునకు సైతము చేరగలదు. తీరము దగ్గర, నదులు తెచ్చిన ఒండ్రుతో కలక బారిన నీటిలో నీలము త్వరగా తరిగి ఆకుపచ్చ వెలుతురు ఎక్కువగా మిగులును. కావున ఏ అంతస్తున నివసించు ప్రాణి ఆ అంతస్తునకు దిగివచ్చు వెలుతురును పట్టగల వర్ణకమును సమకూర్చుకొనవలెను. లేనిచో దానికి బ్రతుకుతెరువు లేదు.

ప్రొక్లోరోకాకస్ అను బాక్టీరియా ఇందులకు చక్కని ఉదాహరణము. అమెరికా దేశపు శాస్త్రజ్ఞురాలు శాలీ చిషోల్మ్, ఆమె సహచరులు దీనిని గూర్చి 1988లో లోకమునకు తెలిపిరి. ఇది యెంత చిన్నదనగా, ఒక మిల్లీమీటరు పొడవున పదిహేను వందలకు పైగా కణములను వరుసగా పేర్చవచ్చును. వెచ్చని సముద్రములలో ఒక చెంచాడు నీటిలో ఇవి లక్షల కొలది యుండును. కిరణజన్య సంయోగక్రియ జరుపు ప్రాణులలో సంఖ్యచేత భూమిపై దీనిని మించినది లేదు. దీని పత్రహరితము మొక్కల పత్రహరితము కన్న కొంచెము భిన్నమైనది. లోతున మిగులు నీలి వెలుతురును పట్టుటకు అనువైనది. దీనియందే రెండు తెగలు కలవు: ఒకటి పై నీటిలోని తీవ్రమైన ఎండకును, మరియొకటి లోతున గల మసక వెలుతురునకును అలవడినవి.

దీనికి బంధువైన సినెకోకాకస్ అను మరియొక బాక్టీరియా వేరు ఉపాయమును పన్నినది. పత్రహరితము విడిచిపెట్టు ఆకుపచ్చ వెలుతురును పట్టుటకు ఇది ఎర్రని వర్ణకములను తయారుచేసికొనును. వీనిలో కొన్ని రకములు తమపై పడు వెలుతురు నీలమైనచో నీలమునకు, ఆకుపచ్చయైనచో ఆకుపచ్చకు తగినట్లు తమ వర్ణకముల పాళ్ళను మార్చుకొనగలవు. వానను బట్టి వరియో, మక్కయో వేయు రైతువలె, ఇవి వెలుతురును బట్టి రంగును మార్చుకొనుచున్నవి.

ఇట్టి వింతలు ఇంకను కలవు. పగడపు దీవుల కడ దొరకిన ఒక బాక్టీరియాను గూర్చి జపాను శాస్త్రజ్ఞులు 1996లో ప్రకటించిరి. ఇతర ప్రాణులు వాడుకొనగా మిగిలిన, మన కంటికి కనబడి కనబడని ముదురు ఎరుపు వెలుతురును పట్టు పత్రహరితము దానికి కలదు. 2000 సంవత్సరమున సముద్రపు బాక్టీరియాలలో మరియొక వర్ణకము బయటపడినది. మన కంటిలో చూపునకు ఆధారమైన పదార్థమునకును దీనికిని దగ్గరి పోలిక కలదు. పై నీటిలో నుండు బాక్టీరియాలయందు ఇది ఆకుపచ్చ వెలుతురును, లోతున నుండువానియందు నీలి వెలుతురును పట్టునట్లు మలచబడి యున్నది.

నల్లసముద్రమున గోధుమ రంగు గల ఒక జాతి బాక్టీరియా సుమారు నూరు మీటర్ల లోతున నివసించుచున్నది. అచ్చటికి దిగు వెలుతురు అత్యల్పము. అందుచేత దాని కణము రెండుగా చీలుటకు సంవత్సరములే పట్టునని అంచనా వేసిరి. అయినను అది జీవించుచునే యున్నది. గొలుసున కట్టకడపటి కుంటవలె, అందరును విడిచిన దానితోనే అది సంసారము గడుపుకొనుచున్నది.

గంధకముతో బ్రతుకు ఊదారంగు జీవులు

ఇంతవరకు చెప్పిన ప్రొక్లోరోకాకస్, సినెకోకాకస్ జాతులు చెట్లవలెనే నీటిని విడగొట్టి ప్రాణవాయువును విడుచును. ఊదారంగు బాక్టీరియాలు అట్లు కాదు. వానిలో అనేకములు నీటికి బదులుగా బురదలో పుట్టు హైడ్రోజన్ సల్ఫైడ్ అను గంధకపు వాయువును వాడుకొనును. కుళ్ళిన గ్రుడ్డు వాసన ఈ వాయువుదే. ఇవి ప్రాణవాయువును విడువవు. ప్రాణవాయువు లేని చోటనే బాగుగా పెరుగును.

మన కన్ను చూడగల వెలుతురు సుమారు 400 నుండి 700 నానోమీటర్ల వరకు గలది. నానోమీటరనగా మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. ఊదారంగు బాక్టీరియాలలోని ప్రత్యేక పత్రహరితము 800 నుండి 900 నానోమీటర్ల మేర గల పరారుణ కిరణములను పట్టును. కొన్ని జాతులు 1000 దాటిన వానిని సైతము పట్టగలవు. అనగా మనకు చీకటియని తోచు చోట వానికి వెలుగున్నది. ఈ సంగతిని 1880వ దశకములోనే జర్మను శాస్త్రజ్ఞుడు ఎంగెల్మన్ గుర్తించెను. వెలుతురును రంగులుగా విడదీసి సూక్ష్మదర్శిని క్రింద వీనిపై ప్రసరింపజేయగా, అవి కంటికి కనరాని పరారుణ భాగమున గుంపుగా చేరుటను అతడు చూచెను.

పరారుణ కిరణములను నీరు త్వరగా హరించును. అందుచేత ఈ జాతులు ఎక్కువగా తీరపు బురదలలోను, లోతు తక్కువ గల నీటిలోను, పాచి పొరల క్రిందను కనిపించును. పైనున్న ఆకుపచ్చ నాచు ఎరుపును, నీలమును తీసికొనగా, దానిగుండా దిగిన పరారుణముతో క్రిందనున్న ఊదాపొర బ్రతుకును. ఇచ్చటను పై వాడు విడిచినదే క్రింది వానికి ఆధారము.

తట్టలు అందించు వరుస

వర్ణకము వెలుతురును పట్టిన మాత్రమున ఆహారము తయారు కాదు. చెరువు పూడిక తీయునపుడు కూలివారు వరుసగా నిలిచి మట్టి తట్టలను చేతినుండి చేతికి అందించుకొనుచు కట్టమీదికి చేర్తురు గదా! బాక్టీరియా కణమున గూడ అనేక వర్ణక అణువులు వరుసగా నిలిచి, పట్టుకొనిన శక్తిని ఒకదానినుండి మరియొకదానికి అందించి, కడకు ఒక కేంద్రమునకు చేర్చును. ఆ కేంద్రమున అది రసాయన శక్తిగా మారును.

ఒక ఊదారంగు బాక్టీరియాలో ఈ వరుస గుండ్రని చక్రమువలె నుండుననియు, ఒక్కొక్క చక్రమున 27 పత్రహరిత అణువులు అమరియుండుననియు 1995లో బ్రిటను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. శక్తి ఈ చక్రములనుండి కేంద్రమునకు చేరుటకు సెకనును లక్ష కోట్ల భాగములు చేసినచో అందు కొన్ని పదుల భాగములు మాత్రమే పట్టును. మార్గమధ్యమున పోవు నష్టము మిక్కిలి తక్కువ. ఆ కేంద్రపు నిర్మాణమును ఒక ఊదారంగు బాక్టీరియా నుండియే మొట్టమొదట తేల్చిన డైజెన్‌హోఫర్, హూబర్, మిషెల్ అను ముగ్గురు జర్మను శాస్త్రజ్ఞులకు 1988లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది.

తెలుగు తీరమున, హైదరాబాదున

ఈ శాస్త్రమున మనవారి కృషియు గణనీయమైనది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున చింతలపాటి వెంకటరమణ, హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమున చింతలపాటి శశికళ తమ విద్యార్థులతో కలిసి, వెలుతురుతో బ్రతుకు రంగుల బాక్టీరియాలను దేశమున పలుచోట్ల సేకరించి, అనేక క్రొత్త జాతులను లోకమునకు పరిచయము చేసిరి. 2007లో వారు ప్రకటించిన జాతులలో రోడోవులమ్ విశాఖపట్నమెన్స్ విశాఖపట్నము పేరును, మారిక్రొమేషియమ్ భీమ్లికమ్ భీమునిపట్నము పేరును, థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్ కాకినాడ పేరును ధరించినవి. గోదావరి కలియు సముద్రపు తీరమున దొరకిన జీవులకు తెలుగు పట్టణముల పేర్లు శాస్త్ర గ్రంథములలో శాశ్వతముగా నిలిచినవి.

సముద్రపు రంగును చదువు పని కూడ మన రాజధానిలో జరుగుచున్నది. 1999లో మన దేశము ఓషన్‌శాట్ అను ఉపగ్రహమును ప్రయోగించెను. సముద్రపు రంగును కొలుచు సాధనము అందు అమర్చబడినది. ఆ తరువాత 2009, 2022 సంవత్సరములలో దాని వారసులు ఆకాశమునకు చేరినవి. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము ఇట్టి ఉపగ్రహముల ద్వారా పత్రహరితము ఎచ్చట ఎక్కువగా నున్నదో, నీటి వేడిమి ఎట్లున్నదో చూచి, చేపలు దొరకు తావులను తీరప్రాంతపు బెస్తలకు తెలియజేయుచున్నది. నీటి రంగును చదువుట వారికి జీవనాధారమైనది. మన చెరువు రంగును చదువుటకు ఉపగ్రహము అవసరము లేదు. కట్టమీద నిలిచి చూచు కన్ను చాలును.

మన చెరువున ఈ రంగులు

మొదట మేలు చేయు రంగును చెప్పుదుము. వరి మడిలో నిలిచిన నీటిపై పెరుగు నీలి ఆకుపచ్చ నాచు నిజమునకు బాక్టీరియా జాతియే. ఇందు కొన్ని రకములు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు అందించునని పి. కె. డే అను శాస్త్రజ్ఞుడు 1939లో నిరూపించెను. మడిలో ఇది రైతునకు మిత్రము.

అదే కుటుంబమునకు చెందిన కొన్ని జాతులు చెరువున మితిమీరి పెరిగినపుడు శత్రువులగును. ఇండ్ల మురుగు, పశువుల పేడ, పొలమునుండి కొట్టుకొనివచ్చు యూరియా, డి.ఏ.పి. ఎరువుల సారము చెరువున చేరి, నీరు నిలకడగాను వెచ్చగాను ఉన్నపుడు ఇవి విజృంభించును. కణములలోని గాలి తిత్తుల సహాయమున నీటిపై తేలి, క్రిందికి వెలుతురు పోకుండ పందిరి వేయును. గొలుసులో పై చెరువువాడు నీటినంతయు బంధించినట్లే యిది. క్రిందనున్న మొక్కలు చచ్చి కుళ్ళును. రాత్రివేళ నీటిలోని ప్రాణవాయువు తరిగిపోవును. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరచుటకు కారణమిదియే. ఆపైన బురద నల్లబడి, గంధకపు వాయువు పుట్టి, గులాబీ, ఊదా పొరలు తలచూపును. ఊదారంగు జీవులు చెరువును చెరుపలేదు; చెరువున ప్రాణవాయువు పోయినదని అవి చాటింపు వేయుచున్నవి.

ఆకుపచ్చ పాచిలో కొన్ని రకములు విషమును కూడ పుట్టించును. ఇట్టి నీరు త్రాగి పశువులు మరణించిన సంగతి 1878లో ఆస్ట్రేలియానుండి మొదటిసారి శాస్త్ర పత్రికకెక్కినది. 2020లో ఆఫ్రికాలోని బోట్స్వానా దేశమున మూడు వందలకు పైగా ఏనుగులు మరణింపగా, నీటి గుంటలలోని ఇట్టి బాక్టీరియా విషమే కారణమని ఆ దేశపు ప్రభుత్వము ప్రకటించెను. ఈ విషములలో ముఖ్యమైన మైక్రోసిస్టిన్ త్రాగునీటిలో లీటరునకు ఒక మైక్రోగ్రామును, అనగా గ్రాములో పది లక్షలవ వంతును, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. నీటిని కాచినందువలన ఈ విషము పోదను సంగతి సభ్యులు ముఖ్యముగా గమనింపవలెను.

సభ్యులు చేయదగిన పరీక్షలు

పాచి ఏ జాతిదో కొంతవరకు తెలిసికొనుటకు రెండు సులభమైన ఉపాయములు కలవు. పొడవైన కర్రను నీటిలో ముంచి తీయుడు. దారముల వలె వ్రేలాడినచో అది సాధారణమైన నాచు కావచ్చును. రంగు పూసినట్లు కర్రకు అంటుకొనినచో అనుమానింపవలెను. రెండవది, చేతికి తొడుగు వేసికొని గాజు సీసాలో ఆ నీటిని ముప్పాతిక వంతు నింపి, కదలింపక ఒక రాత్రి ఉంచుడు. ఆకుపచ్చదనము అడుగునకు దిగినచో భయము తక్కువ. పైకి తేలి వలయముగా చేరినచో అది తేలెడి బాక్టీరియా జాతి కావచ్చును. ఒడ్డున ఎండిన పాచి నీలిమందు రంగునకు తిరుగుట మరియొక గుర్తు. అది విషముగలదా కాదా యన్నది మాత్రము కంటితో తేలదు, ప్రయోగశాలయందే తేలవలెను. కావున అనుమానము కలిగినచో జాగ్రత్త వహించుటయే మేలు.

గ్రామ పాఠశాలకు తగిన ప్రయోగము కూడ ఒకటి కలదు. రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాద్‌స్కీ పేర దీనిని పిలుతురు. పొడవైన గాజు సీసాలో చెరువు బురదను, చింపిన కాగితపు ముక్కలను, కొంచెము కోడిగ్రుడ్డు సొనను కలిపి పోసి, పైన చెరువు నీటిని నింపి, మూతను వదులుగా పెట్టి, వెలుతురు వచ్చు కిటికీ దగ్గర ఆరు నుండి ఎనిమిది వారములు ఉంచవలెను. క్రమముగా పైన ఆకుపచ్చ, నడుమ ఎరుపు ఊదా, అడుగున నలుపు పొరలు ఏర్పడును. తంగేడు, గునుగు, బంతి పూలను వరుసలుగా పేర్చిన బతుకమ్మవలె ఆ సీసా కనిపించును. వెలుతురు ఒక అంతస్తునుండి మరియొక అంతస్తునకు దిగు తీరును పిల్లలు కన్నులార చూతురు.

పంచాయతీల కర్తవ్యము

పాచి పేరుకొనిన ఒడ్డున పశువులను నీటికి దింపరాదు. వానికై తొట్లలో బోరు నీటినో, కుళాయి నీటినో నింపించవలెను. పిల్లలను ఆ నీటిలో ఈతకు పోనీయరాదు. మందు చల్లి పాచిని ఒక్కసారిగా చంపించరాదు. చచ్చిన కణములనుండి విషము నీటిలోనికి వెలువడును. పశువులు జబ్బుపడినచో పశువైద్యునికి, చేపలు తేలినచో మత్స్యశాఖ వారికి వెంటనే తెలుపవలెను.

ఇవి తాత్కాలికమైన పనులు. అసలు చికిత్స చెరువులోనికి వచ్చు దానిని అరికట్టుటయందున్నది. ఇండ్ల మురుగును చెరువునకు పంపక ఇంకుడు గుంతలకు మళ్ళింపవలెను. పెంటకుప్పలను చెరువునకు నీరు వచ్చు త్రోవలో వేయరాదు. శిఖము భూమిలోను, చెరువు ఎగువ పొలములలోను ఎరువులను భూసార పరీక్ష ననుసరించి, వాన ముంచుకొని రాని వేళ వేయునట్లు రైతులకు నచ్చజెప్పవలెను. 2015లో రాష్ట్రమున మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడికతీత మొదలైనపుడు ఆ ఒండ్రును రైతులు తమ పొలములకు తోలుకొనిరి. చెరువున పాచిని పెంచు సారమే పొలమున పైరును పెంచును. పూడిక తీసి పొలమున వేయుట వలన రెండు విధముల లాభము చేకూరును.

గ్రామసభలో చెరువు లెక్క వచ్చినపుడు నీరెంత యున్నదని అడుగుట మనకు అలవాటు. ఇకపై నీటి రంగు ఏమని కూడ అడుగవలెనని మా మనవి. నెలకొకసారి కట్టమీదికి పోయి, కనిపించిన రంగును, వాసనను, చేపల తీరును ఒక పుస్తకమున తేదీతో వ్రాసియుంచుట ఏ ఖర్చును లేని పని. రెండు మూడు వేసవులు అట్లు వ్రాసినచో, ఏ నెలలో ఏ తూము దగ్గర పాచి మొదలగునో, ఏ మురుగు కాలువ దానికి కారణమో ఆ పుస్తకమే చెప్పును. సభ్యులు దానిని చదివి, ఆ కాలువను మళ్ళించినచో, మరుసటి వేసవికి చెరువు రంగే జవాబు చెప్పును.